ఓబులయ్య గంటానికి ముగ్గురు సాయగాళ్లు

రాజుగారి లేఖకుడు ఓబులయ్య గంటం పట్టాడంటే తాటాకు మీద అక్షరాలు జడివానలా కురిసేవి. ఆ చేతి విసురుకు సభలో దీపాలు ఆరిపోయేవంటే నమ్మండి! అలాంటివాడి పక్కన, పని ఇంకా జోరందుకుంటుందని, మంత్రి విస్సన్న ముగ్గురు పండితులను సాయంగా కూర్చోబెట్టాడు. ఒక్క అక్షరం పడగానే వాళ్లు గ్రంథాలన్నీ తిరగేసి, రాబోయే మాట ఇదేనంటూ అరవాలి. అంతదాకా గంటం కదలకూడదట! దసరాకు మొదలైన ఉత్తరువు ఉగాదికీ పూర్తి కాలేదు.

"వీడు వట్టి సోమరి ప్రభూ, కోటలోంచి గెంటించండి" అన్నాడు మంత్రి.

ఓబులయ్యకు ఒళ్లు మండిపోయింది. "కాళ్లకు సంకెళ్లు వేసి, పరిగెత్తలేదని తిడతారా? సరే, పోతాను ప్రభూ. ఇంత గొప్ప సాయాన్ని ఒక్కసారి మంత్రిగారి నోటికి ఇప్పించండి. నా నేరమేమిటో ఆయన అలాగే చెప్పాలి."

రాజు సరేనన్నాడు. మంత్రి గొంతు సవరించుకుని "మహారా..." అన్నాడో లేదో, "మహారాణీ!" అని ఒకడు, "మహారాక్షసా!" అని ఇంకొకడు అందుకున్నారు. మంత్రి వాళ్ల వైపు తిరిగి, "నోరు మూ..." అని కసిరాడు.

"మూలశంక!" అంటూ మూడోవాడు గ్రంథంలోంచి తలెత్తాడు.

సభ గొల్లుమంది. రాజు నవ్వాపుకుని, "వీళ్లనేం చేద్దామయ్యా?" అని ఓబులయ్యను అడిగాడు.

"ఉండనివ్వండి ప్రభూ. నేను అడిగితేనే పలకమనండి, చాలు."

ఆ సాయంత్రమే ఉత్తరువు ఊరూరికీ వెళ్లింది. మంత్రిగారి ఫిర్యాదు మాత్రం ఇప్పటికీ "మహారా..." దగ్గరే ఆగి ఉంది.