పైడమ్మ జీడి గుర్తు

విజయనగరంలో వేదాద్రి మాస్టారి దగ్గర లెక్కలు చెప్పించుకునేవాళ్ళకి ఒక చిక్కుండేది. అడిగినదానికి ఆయన తిన్నగా జవాబు చెప్పరు. "కాస్సేపు ఆగు" అంటారు. ఆ కాస్సేపు ఒక్కోసారి వారం కూడా పట్టేది. అయినా జనం ఆయన్నే పట్టుకు వేలాడేవారు.

టీచరు ట్రైనింగులో ఉన్న సుభాషిణి ఒక ఆదివారం పొద్దున్నే ఆయన అరుగు మీద వచ్చి కూర్చుంది. మర్నాడు ఆమె పిల్లలకి ప్రమేయాల పాఠం, అదే ఫంక్షన్ల పాఠం, చెప్పాలి.

"మాస్టారూ, రెండు గుంపుల మధ్య ఎలా గీతలు గీసినా అది సంబంధమే అంటాం. ప్రమేయం దగ్గరికి వచ్చేసరికే పక్షపాతం. ఇటువైపు నలుగురు వెళ్ళి అటు ఒక్కరినే చేరినా తప్పులేదు. ఇటు ఒక్కరు అటు ఇద్దరిని చేరితే మాత్రం అది ప్రమేయం కాదు. ఇదేం న్యాయమని పిల్లలడిగితే ఏం చెప్పను? పుస్తకంలో అలా ఉందని చెప్పడానికి నాకే సిగ్గేస్తోంది."

మాస్టారు కాస్సేపు ఆగమన్నారు.

అంతలో పైడమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆ వీధి బట్టలన్నీ ఉతికేది ఆవిడే. గొర్లె వారి పెద్దబాబుగారి పొందూరు పంచె కనిపించలేదట. దొంగతనం అంటగట్టి, రేపటి నుంచి వీధిలో ఒక్కరు కూడా ఈమెకి బట్టలెయ్యొద్దని ఆయన చాటించాడట. ఆ వీధి పోతే పైడమ్మకి పొయ్యి వెలగదు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు, పెద్దబాబుగారికి కూడా తెలుసు.

"నాను దొంగనా బాబూ? మా అత్త కాడి నుంచి ఈ ఈది మూటలు మోత్తన్నాం!"

మాస్టారు సుభాషిణి వైపు చూసి, "నువ్వు తోడు వెళ్ళమ్మా. గుర్తులు చూసి రా" అన్నారు.

గుర్తులంటే జీడి గుర్తులు. ప్రతి గుడ్డ అంచునా నల్లజీడి రసంతో ఇంటికొక గుర్తు పెడతారు. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోదు. గొర్లె వారిది మూడు చుక్కలూ ఒక గీతా. పైడమ్మ అత్త పెట్టిన గుర్తు అది.

వీళ్ళు వెళ్ళేసరికి పెద్దబాబుగారూ ఆయన తమ్ముడూ ఇద్దరూ వీధిలోనే ఉన్నారు. రెండేళ్ళ కిందట వేరుపడి, నడిమింట్లో గోడ కట్టుకుని, ఇటొక గుమ్మం అటొక గుమ్మం పెట్టుకున్న మహానుభావులు. అన్న అరుస్తుంటే తమ్ముడు కూడా తన గుమ్మంలో నిలబడి, "ఎంత నమ్మాం ఈమెని!" అని వంత పాడుతున్నాడు. చూడబోతే ఆయన కట్టుకున్నదీ పొందూరు పంచే.

పెద్దబాబుగారి భార్య ఆ పంచె అంచు వైపు కాస్త వంగి చూసింది. "ఏవండీ, ఆ రఫూ నేను వేసిందే" అంది.

తమ్ముడు తెల్లబోయాడు. పాపం, అతనిలో కపటం లేదు. "గుర్తు మాదే కదా వదినా! నా మూటలోనే వచ్చింది!" అన్నాడు. అంచు తిప్పి చూస్తే నిజంగానే మూడు చుక్కలూ ఒక గీతా.

అప్పుడు సుభాషిణి పైడమ్మని అడిగింది. "రెండిళ్ళకీ ఒకటే గుర్తు ఎందుకు పెట్టావు?"

"ఏరుపడ్డనాడే కొత్త గుర్తెడతానన్నానమ్మా. ఆళ్ళ నాన్న నాటి గుర్తు నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టినారు. పెద్దోళ్ళు, కాదనలేక ఇద్దరికీ అదే ఎట్టీసినాను. ఇన్నాళ్ళూ రెండు మూటలూ ఏరేరుగా ఉతికి ఎలాగో నెట్టుకొచ్చినాను. నాకు సదువు రాదు. గుర్తు సూత్తే గుమ్మం తెలుత్తాది. ఒక గుర్తుకి రెండు గుమ్మాలుంటే నానెటెల్లాలి?"

అన్నదమ్ముల పంతానికి తను దొంగ అయిందన్న మాట పైడమ్మకి అప్పుడే తట్టినట్టుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మొలలోంచి జీడిగింజా సూదీ తీసింది.

"ఈ గుర్తు మా అత్తది. ఇక ఎవులికీ ఎయ్యను. అన్నకి ఇంకో గీత, తమ్ముడికి ఇంకో సుక్క. ఇష్టముంటే మూటలియ్యండి, నేదంటే నేదు."

ఆ వీధిలో గొర్లె వారితో అలా మాట్లాడినవాళ్ళు అంతకు ముందు లేరు. పెద్దబాబుగారు లోపలికి వెళ్ళి, తన మూట తానే మోసుకొచ్చి ఆమె ముందు దించాడు. తప్పయిందన్న మాట నోటంట రాలేదు గానీ, దించినవాడు వెంటనే లేవలేకపోయాడు. తమ్ముడు పంచె మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తాడు.

సుభాషిణి తిరిగి వచ్చి జరిగిందంతా మాస్టారికి చెప్పింది. చెప్పి, తన ప్రశ్నకి జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు: "ఇన్నేళ్ళూ గొర్లె వారి ఒక్క గుమ్మానికే ఇరవయ్యేసి గుడ్డలు మోసిందే పైడమ్మ. అప్పుడెప్పుడైనా ఏడ్చిందా, అమ్మా?"