కాలి కింద పిండి

త్రినాథ్ చేతిలో మొదట ఉన్నది పద్నాలుగు వేల ఆరు వందల రూపాయలు. అందులో సగం సముద్రపు నాచుకూ, పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముకూ, సోయా సాస్‌కూ పోయింది. మిగతా సగాన్ని నమ్ముకుని, విశాఖపట్నంలోని తన రెండు గదుల ఇంట్లో ఆదివారం పన్నెండు మందికి జపాను వాళ్ల ఉడోన్ వండిపెడతానని మాటిచ్చాడు. లావుపాటి గోధుమ నూడుల్స్, వాటి మీద పల్చటి వేడి చారు. నచ్చితే వాళ్లే వారం వారం వస్తామన్నారు. నచ్చకపోతే మళ్లీ ఏదో ఒక కంపెనీ గేటు ముందు నిలబడాలి.

ఆ వంట నేర్పుతున్నది పోలయ్య మాస్టారు. ముప్పై ఒక్క ఏళ్లు ఓడల్లో వంట చేసిన మనిషి. ఒకసారి జ్వరంతో ఆయన్ను జపాను రేవులో దింపేస్తే, ఎవరో ముసలావిడ నలభై రోజులు తన ఇంట్లో ఉంచుకుని ఉడోన్ తినిపించి, బయల్దేరేముందు చెయ్యడం కూడా నేర్పి పంపిందట. ఆవిడను తలుచుకుని దణ్ణం పెట్టందే ఆయన ఆ గిన్నె ముట్టరు. ఫీజు మాటెత్తితే, "ఆవిడ నా దగ్గర తీసుకుందేట్రా?" అంటారు.

చారు త్రినాథ్‌కు మూడో రోజుకే పట్టుబడింది. చిక్కల్లా పిండి దగ్గరే వచ్చింది. ఉప్పునీళ్లతో గట్టిగా కలిపిన ముద్దను గుడ్డలో చుట్టి, నేల మీద పెట్టి, కాళ్లతో తొక్కాలి. చేతి బలానికి లొంగే పిండి కాదది. త్రినాథ్ గుడ్డ చుట్టడం దాకా వచ్చి ఆగిపోయాడు.

"మాస్టారూ, మెతుకు కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టాను. తినేదాన్ని తొక్కి, మళ్లీ దానికే దణ్ణం ఎలా పెట్టమంటారు?"

"నీకెలా తోస్తే అలా చెయ్యి" అన్నారు మాస్టారు.

త్రినాథ్‌కు లెక్కలంటే చిటికెలో పని. తన బరువు అరవై కిలోలు. ముద్ద మీద పలక వేసి, దాని మీద పది లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు పెడితే ఇరవై కిలోలు, అంటే మూడో వంతు. మూడింతల సేపు ఉంచితే సరి. అలాగే ఉంచి, నూడుల్స్ కోసి, ఉడికించి, చారు పోసి మాస్టారి ముందు పెట్టాడు. ఆయన జపాను వాళ్లు తినే జత పుల్లలతో పైకెత్తబోతే అవి తెగి గిన్నె అడుగుకు చేరాయి.

"లెక్క తప్పలేదండీ" అన్నాడు త్రినాథ్, నీరసంగా.

"ఎందుకు తప్పుతాది? స్పూను తే" అన్నారాయన. చుక్క మిగల్చకుండా తాగి, గిన్నెకు దణ్ణం పెట్టారు.

అది శుక్రవారం. త్రినాథ్ రెండో ముద్ద కలిపి, గుడ్డ చుట్టి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కాలు లేవలేదు. మాస్టారు పక్కనే చాప పరుచుకుని బోర్లా పడుకున్నారు.

"నడుం పట్టేసింది. ఎక్కి తొక్కరా."

"మిమ్మల్నా!"

"చిన్నప్పుడు మీ తాత నడుం తొక్కలేదేటి నువ్వు? రా, రా."

త్రినాథ్ కాళ్లు కడుక్కొచ్చాడు. ఆయన భుజాన్ని తాకి కళ్లకద్దుకుని, కిటికీ ఊచలు పట్టుకుని, భయం భయంగా ఒక పాదం మోపాడు.

"పిల్లి నడిచినట్టు నడిస్తే నొప్పి పోతాదా? బరువు దింపు."

దింపాడు. ఊగే ఓడలో పొయ్యి ముందు అన్నేళ్లు నిలబడ్డ నడుం అది. అరికాలికి బండలా తగిలింది. ఎక్కడ మోపాలో, ఎక్కడ తేలికపడాలో కాసేపటికి పాదానికే తెలిసిపోయింది. బండ మెల్లగా మెత్తబడింది. ఈ మనిషి తనకు ఇన్ని ఇచ్చాడు, తాను తిరిగి ఏదైనా ఇవ్వగలిగింది ఇదే మొదలు అనిపించి త్రినాథ్‌కు కళ్లు చెమర్చాయి. ఎంతసేపు తొక్కాడో లెక్కపెట్టలేదు.

మాస్టారు లేచి, నడుం అటూ ఇటూ తిప్పి, హాయిగా ఊపిరి వదిలారు. త్రినాథ్ ఎవరూ చెప్పకుండానే వెళ్లి మళ్లీ కాళ్లు కడుక్కొచ్చాడు. గుడ్డమూటను వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. కుడి పాదం ఎత్తి, ఆయన వంక చూశాడు.

"నాది వదిలింది" అన్నారు మాస్టారు, మూట వంక చూస్తూ. "దానికే ఇందాకట్నించీ పట్టేసి ఉంది, పాపం."