చెన్నప్ప చదివింపు

కుందనగిరి అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ ఉత్సవాలకు లోటు లేదు. ఉత్సవం ముగిశాక కూలి ముట్టినవాళ్ళకే లోటు.

ఆ రాజ్యాన్ని ఉదయమార్తాండ మహారాజు ఏలేవాడు. చెడ్డవాడు కాదు, ఆడంబరం మనిషి. తన ఇంట జరిగే వేడుకను పొరుగు రాజ్యాలు ఏళ్ళ తరబడి చెప్పుకోవాలి. అయినా బొక్కసం తరగకూడదు. ఈ రెండు కోరికలనూ ఒక్కసారే తీర్చగల మనిషి ఆయనకు దొరికాడు. అతడే కోశాధికారి పెద్దిభట్టు.

పెద్దిభట్టు పద్ధతి చాలా తేలిక. పనివాళ్ళను పిలిపించి పని పురమాయిస్తాడు. పని అయ్యాక ఎవరైనా సొమ్ము మాట ఎత్తితే, "రాజుగారి పందిట్లో పనిచేసే భాగ్యం ఎంతమందికి దక్కుతుందిరా? దానికి వెల కడతావా?" అని కళ్ళెర్రజేస్తాడు. అడిగినవాడు తల వంచుకుని వెళ్ళిపోతాడు. ఆ సంవత్సరం ఉత్సవాల ఖర్చు తగ్గిందని పెద్దిభట్టుకు కొలువులో పేరొస్తుంది.

ఇలా ఉండగా రాజకుమార్తె పెళ్ళి కుదిరింది. పెళ్ళి పనులు మొదలవుతుండగా ఒకరోజు వంటల చెన్నప్ప నాగసూరి ఇంటికి వచ్చాడు. నాగసూరి రాజుగారి కొలువులో చమత్కారానికి పేరుపడ్డవాడు. నిజం చెప్పేటప్పుడు నోరు అదుపులో ఉండదని కూడా పేరుంది.

"అయ్యా, దసరా వంటల సొమ్మే ఇంతవరకూ చేతికి రాలేదు. అప్పుడు నెయ్యి కొనడానికి గుండిగలు కుదువబెట్టాను. ఇప్పుడు పెళ్ళి వంటలూ నన్నే చెయ్యమంటున్నారు. బయానా అడిగితే భట్టుగారు నవ్వారు."

"చెయ్యనని చెప్పలేకపోయావా?"

"చెప్పానయ్యా. అయితే ఊరు విడిచి పొమ్మన్నారు. చేస్తే ఇల్లు పోతుంది, చెయ్యకపోతే ఊరు పోతుంది. ఏది పోగొట్టుకోమంటారో మీరే చెప్పండి."

నాగసూరికి ఒళ్ళు మండిపోయింది. భుజాన కండువా వేసుకుని సరాసరి కొలువుకు వెళ్ళాడు.

అక్కడ పెద్దిభట్టు పెళ్ళి ఖర్చుల అంచనా వినిపిస్తున్నాడు.

"ప్రభూ, ఇంతటి పెళ్ళికి లక్ష వరహాలైనా కావాలి. తమ దయవల్ల ముప్పై వేలలో తేల్చేశాను."

"శభాష్!" అన్నాడు రాజు.

"మిగతా డెబ్బై వేలూ ఎక్కడినుంచి వచ్చాయి భట్టుగారూ?" అని అడిగాడు నాగసూరి.

"మిగిల్చాను."

"ఎవరి ఇంట్లోంచి?"

రాజు ముఖం చిట్లించాడు. "నాగసూరీ, మా ప్రజలకు మేమంటే ప్రేమ. వాళ్ళ శ్రమ వాళ్ళు మాకిచ్చే కానుక. శుభకార్యం ముందు పెట్టుకుని ఈ కూలి లెక్కలేమిటి?"

నాగసూరికి నోటిదాకా వచ్చిన మాట ఒకటుంది. దాన్ని మింగేసి చేతులు కట్టుకున్నాడు.

"తమ మాట తలకెక్కింది ప్రభూ. ఒక్క మనవి. పెళ్ళిలో చదివింపులు చదివే పని నాకిప్పించండి."

కట్నకానుకలు ఎవరు ఏమి ఇచ్చారో పందిట్లో అందరూ వినేలా గొంతెత్తి చెప్పడం ఆ రాజ్యంలోనూ ఆచారమే. చదివింపు అందుకున్నవాళ్ళు, ఇచ్చినవాళ్ళింట శుభకార్యం జరిగినప్పుడు అంతకు తక్కువ కాకుండా తిరిగి చదివించాలి. తనకు వచ్చే ఏనుగులూ గుర్రాలూ పదిమందికీ వినబడతాయంటే రాజుకు అంతకన్నా ఏం కావాలి?

"అలాగే. కానీ ఒక్క కానుక తప్పినా ఊరుకోను. ఇచ్చినవాడు ఎంత చిన్నవాడైనా సరే, పేరు చదవాల్సిందే."

"చిత్తం ప్రభూ. నా పట్టుదలా అదే."

పెళ్ళి వైభవంగా జరిగింది. తాళి కట్టడం అయ్యాక నాగసూరి పందిరి నడుమ నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"హేమకూట మహారాజుగారు! దంతాల ఏనుగులు రెండు!"

రాజు తల పంకించాడు.

"రత్నద్వీప ప్రభువులు! ముత్యాల పల్లకి!"

రాజు మీసం దువ్వుకున్నాడు.

"వంటల చెన్నప్పగారు! దసరా వంటలూ, ఈ పెళ్ళి వంటలూ కలిపి తొమ్మిది వేల వరహాలు, కుదువబెట్టిన గుండిగల మీద వడ్డీతో సహా, మహారాజులవారికి చదివింపు!"

పందిట్లో మేళం ఆగిపోయింది.

"పందిళ్ళ లింగన్నగారు! మనందరి తలమీదున్న ఈ పందిరి! దివిటీల ఓబక్కగారు! తన ఇంట్లో దీపానికి నూనె లేకపోయినా, రాజవీధి పొడుగునా వెలిగించిన దివిటీలు!"

రాజుగారి వియ్యంకుడు పక్కకు వంగాడు. "బావగారూ, మీ ప్రజలది ఎంత ప్రేమండీ! మా దేశంలో రాజు పెడితే వంటవాడు తింటాడు. మీ దగ్గర వంటవాడు పెడితే రాజు తింటాడన్నమాట. ఇంతకీ చెన్నప్పగారింట పెళ్ళికి తమరు ఎంత చదివిస్తారు?"

చుట్టుపక్కల రాజులు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఉదయమార్తాండుడి ముఖం కందగడ్డయింది.

"ఆపు! ఇవన్నీ ఎవరు చదవమన్నారు?"

"తమరే ప్రభూ. వాళ్ళ శ్రమ కానుక అన్నారు. ఎంత చిన్నవాడిదైనా తప్పకూడదన్నారు. ఇంకా బండ్లవాళ్ళున్నారు, మేళగాళ్ళున్నారు, విస్తళ్ళు కుట్టినవాళ్ళున్నారు. కాసిని మంచినీళ్ళు తాగి మొదలెడతాను."

"నాగసూరీ!"

"కానుక కాదు, కూలి అని తమరొక్క మాట సెలవిస్తే ఇక్కడే ఆపేస్తాను. కూలి చదవడానికి వీల్లేదు. ముట్టజెప్పాలి."

వంటశాల గుమ్మంలో చెన్నప్ప గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇల్లూ ఊరే కాదు, ఇప్పుడు తలకాయ కూడా పోయిందనే అనుకున్నాడు. రాజు అతని వంక చూశాడు. కూతురి పెళ్ళి వంట చేసిన మనిషిని ఆయన చూడడం అదే మొదలు.

"కూలే," అన్నాడు రాజు మెల్లగా.

"వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదు ప్రభూ."

"కూలే! భట్టూ, పెట్టెలు తెరువు. ఇక్కడే, ఇప్పుడే, అందరికీ ఇవ్వు."

"ప్రభూ, పెళ్ళి వేళ లక్ష్మిని బయటికి పంపడం..." అని నసిగాడు పెద్దిభట్టు.

"నీ ఇంట్లోంచి పంపమంటావా?"

పెట్టెలు తెరుచుకున్నాయి. చెన్నప్ప తన మూట అందుకున్నాడు. దాన్ని కళ్ళకద్దుకోలేదు, ఎవరి కాళ్ళకూ మొక్కలేదు. తన కూలి తాను పుచ్చుకున్న మనిషిలా మూట నడుముకు కట్టుకుని, అప్పడాలు మాడిపోతున్నాయంటూ లోపలికి పరుగెత్తాడు.

అది చూసి ముందు వియ్యంకుడు నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేకపోయేసరికి రాజుకూ నవ్వొచ్చింది. మెడలోని కెంపుల హారం తీసి నాగసూరి మెడలో వెయ్యబోయాడు. నాగసూరి మెడ వంచలేదు.

"ప్రభూ, ఇది చేసిన కంసాలికి సొమ్ము ముట్టిందా?"

రాజు పెద్దిభట్టు వైపు తిరిగాడు. పెద్దిభట్టు పందిరి కప్పు పరీక్షగా చూస్తున్నాడు.

రాజు కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. హారాన్ని మళ్ళీ తన మెడలో వేసుకోవడానికి మాత్రం ఆయనకు మనసొప్పలేదు. పళ్ళెంలో పెట్టించి, దానితోపాటు దాని ఖరీదునూ కంసాలి ఇంటికి పంపించాడు.

మర్నాడు నిండు కొలువులో ఆ హారం నాగసూరి మెడలో పడింది. వేసినవాడు కంసాలి.