ఒంటికన్ను రేవు

ఇసుకలో రంగురంగుల గొడుగులు పాతుకుని జనం ఎండకు ఒళ్లు కాచుకునే ఈ కాలానికి ఎంతో పూర్వం, స్పెయిన్ దేశపు దక్షిణ సముద్రతీరాన, కొండమీద మూర్ రాజుల కోటా, కొండ పాదాన రోమనుల నాటి శిథిల నాటకశాలా, ఆ రెంటికీ దిగువన బెస్తవాడా గల ఒక పట్టణంలో హసింతా అనే ఇల్లాలు ఉండేది. తండ్రితాతల నుంచి ఆమెకు సంక్రమించిన విద్య ఒక్కటే, పడవలకు కళ్లు దిద్దడం. ఆ తీరవాసులకు పడవంటే కొయ్య కాదు, ప్రాణి. ముందుకొనకు ఇరువైపులా రెండు కళ్లు చిత్రిస్తేనే అది దారి చూసుకుని ఇల్లు చేరుతుందని వారి విశ్వాసం. మొదటినాడు ఎడమకన్ను, మర్నాడు కుడికన్ను, రెండూ ఆరకుండా పడవను నీట దించరాదని కట్టడి. నవ్వేవాళ్లు నవ్వుకోండి గానీ, నీళ్లమీద బతికేవాడి నమ్మకాన్ని గట్టుమీద కూర్చున్నవాడు తూచలేడు.

ఆమె భర్త ఎలాదియో పడవ సరంగు. చెయ్యి మంచిది, మనసు మంచిది, కానీ పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అతడూ, అతని ఆరుగురు సహచరులూ ఏడాదిపాటు చెమటోడ్చి కొత్త పడవ కట్టుకున్నారు. హసింతా దానికి ఎడమకన్ను దిద్దిన మర్నాటి ఉదయం, సార్డీను చేపల గుంపు దగ్గరికి వచ్చిందని రేవంతా కేకలు. సరిగ్గా ఆ ఉదయమే కోటకొండ శిఖరాన తెల్లని మబ్బు తలపాగాలా చుట్టుకుని ఉండటం ఆమె కంట పడింది. ఆ తలపాగా కనిపిస్తే తూర్పుగాలి మూడు రోజులు విడవదని ఆ తీరాన పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఏమయ్యా, కొండ తలపాగా చుట్టింది, కనబడటం లేదా? ఈ మూడు రోజులూ ఆగు" అన్నది.

"నేను ఆగుతానే, చేపలాగుతాయా? నువ్వు ఆ కుడికన్నేదో తొందరగా కానివ్వు" అన్నాడు ఎలాదియో.

బతిమాలింది, ఏడ్చింది, పిల్లాజెల్లా లేని తనకు అతడు తప్ప దిక్కెవరని అడిగింది. అతడు నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది. కన్ను లేని పడవను ఎవడూ తోయడు గనుక కుంచె కింద పెట్టేస్తే మొగుడు దక్కుతాడని లెక్కవేసుకుని, "గాలి తగ్గాకే దిద్దుతాను. ఒంటికంటి పడవను ఎలా తోస్తావో నేనూ చూస్తా" అని రంగుముంతకు మూత పెట్టింది. ఎలాదియో పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తీసుకుని రేవుకు పోయి, కుడికన్ను తానే గీసేశాడు. "మా ఆవిడకంటే బాగానే వచ్చింది, తోయండ్రా!" అన్నాడట. ఆరుగురిలో ఒకడు సిలువ గుర్తు వేసుకున్నాడు, తక్కినవాళ్లు పకపకా నవ్వి పడవ తోశారు.

పడవ ఇంకా ఇసుక దాటి నీట పడకముందే ఆ మాట ఇల్లు చేరింది. కుంచె పట్టుకుని అప్పుడే పరుగెత్తి ఉంటే, బొగ్గుగీత మీద రంగు పుయ్యడం రెండు నిమిషాల పని. హసింతా లేవలేదు. పంతం! గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరిగింది.

మధ్యాహ్నానికి తూర్పుగాలి విరుచుకుపడింది. మొదటి అలకే బొగ్గు కొట్టుకుపోయి ఉంటుంది. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా, ఆ పడవ అఖాతం నడుమ, ఎడమకన్నుకు కనబడిన వైపుకే తిరుగుతూ, గానుగెద్దులా చుట్టిన చోటే చుట్టసాగింది. ఎన్ని తెడ్లు వేసినా ఒడ్డువైపు మొగ్గలేదు. వాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. ఈ ఒడ్డు నుంచి పడవ దింపే సాహసం ఎవరికీ లేకపోయింది. అప్పుడు లేచింది హసింతా. రంగుముంత చంకన పెట్టుకుని, తీరం చివరనున్న నల్లబండ ఎక్కి, సముద్రానికి అభిముఖంగా ఆ బండ మీద కుడికన్ను దిద్దింది. రెప్పగీత ఒక పక్కకు జారింది. దిద్దిన చోటనే మోకరిల్లి, "సముద్రమాతా, తప్పు నాది! నా కుడికన్ను తీసుకో, ఆ పడవకు చూపివ్వు, దాన్ని ఒడ్డుకు చేర్చు!" అని గుండెలవిసేలా మొరపెట్టుకుంది.

తల్లి విన్నది. హసింతా కుడికంట చీకటి కమ్మింది. ఆ క్షణమే పడవ తిరగడం మాని, దూడ తల్లి పొదుగు వెతుక్కుంటూ వచ్చినట్టు అలలను చీల్చుకుంటూ తిన్నగా వచ్చి బండ పక్కన ఇసుక మీద ఆగింది. జనం జేజేలు కొట్టారు. తడుముకుంటూ దిగి, మిగిలిన కంటితో ఆమె లోపలికి తొంగిచూసింది. వలలున్నాయి. తెడ్లున్నాయి. తాను మూటగట్టిన రొట్టె నానిపోయి ఉంది. ఏడుగురిలో ఒక్కడూ లేడు.

"పడవను తెమ్మన్నాను, మనుషులను తెమ్మని అడగలేదే!" అని హసింతా తల బాదుకుంది. గాలి సంగతి ఆమె చెప్పిందే నిజమయింది, అయితేనేం, ఆ నిజం ఎవరిని బతికించింది? ఆ ఏడుగురి శవాలు కూడా తీరానికి రాలేదు. ఆనాటి నుంచి ఆమె కుంచె పట్టలేదు. ముప్పై ఏళ్లు ప్రతి ఉదయమూ ఆ బండ దగ్గరికి వచ్చి, చేపలు ఏరుకునే ఆడవాళ్లను "వచ్చారా?" అని అడిగేది. "ఇంకా లేదమ్మా" అనేవారు, అంతకంటే ఏమంటారు? చివరికొక ఉదయం అడగడానికి ఆమే రాలేదు.

అందుచేతనే ఆ రేవుకు ఒంటికన్ను రేవని పేరు వచ్చింది. బండ పక్కన చిన్న గుడిలో సముద్రమాత విగ్రహానికి కుడిరెప్ప మూసి ఉంటుంది. ఆనాటి నుంచి ఈ తీరంలో కొత్త పడవకు కుడికన్నే ముందు దిద్దుతారు, భర్తతో ఎంత కలహమున్నా ఇల్లాలు ఆ కుంచె ఆపదు. కోటా నాటకశాలా చూసి దిగివచ్చే యాత్రికులు ఇసుక మీద పుల్లలకు గుచ్చి కాల్చిన సార్డీన్లు తిని, జారిన రెప్పగీత గల ఆ కన్ను ముందు ఫొటోలు దిగి పోతుంటారు. తూర్పుగాలి వీచిన రోజుల్లో మాత్రం ఆ రాతికన్ను చెమ్మగిల్లి నీరు కారుస్తుంది. అప్పుడు బెస్తవాడ నుంచి ఎవరో ఒక ముసలమ్మ వచ్చి, నడుముకు కట్టుకున్న గుడ్డతో ఆ నీరు తుడిచి, మెల్లగా ఒక్క మాట చెప్పి పోతుంది.

"ఇంకా లేదమ్మా."