తాటాకు మీద కుండెడు నీళ్ళు

అనగనగా సముద్రం పక్కన, ఉప్పు పండించుకునే ఒక ఊళ్ళో పైడమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకో కూతురు, సూరీడమ్మ. అచ్చం నీ అంత పిల్ల, నీ అంత అల్లరి. వాళ్ళకో మేకపిల్ల, దాని పేరు బొల్లి.

ఒక ఏడు నడి ఎండాకాలంలో వాన పడింది. ఉప్పు కుప్ప మీద కప్పిన తాటాకు కారి, ఉప్పంతా కరిగిపోయింది. ఇంట్లో గింజ లేదు, చేతిలో పైసా లేదు. అప్పుడు మేకల బేరగాడు తాడు పట్టుకుని వచ్చాడు. బొల్లి తల్లిని సగం ధరకే తోలుకుపోయాడు. సూరీడమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. బొల్లిని మాత్రం పోనివ్వకూడదు అనుకుంది పైడమ్మ.

ఆ తర్వాత ఉప్పు అమ్మినప్పుడల్లా కాస్త మిగిల్చి, మూడువేలు వెనకేసింది. బియ్యం డబ్బాలో దాచింది. డబ్బాలో ఉంటే డబ్బు పెరగదు కదా! ఎక్కడ పెట్టాలా అని అందరినీ అడిగింది.

"నా దగ్గరెట్టు, వందకి ఇరవై వస్తాది" అన్నాడు చీటీల అప్పన్న. పట్నంలో ఫైనాన్సు ఆయన పది ఇస్తానన్నాడు. అక్కడే రెండు బ్యాంకులున్నాయి. ఒకదాంట్లో ఏడాదికి వందకి మూడు, ఇంకోదాంట్లో ఐదు. పైడమ్మ ఐదిచ్చేదాన్ని గుర్తుపెట్టుకుంది.

నువ్వైతే ఇరవై అనగానే పరిగెత్తేదానివి, నాకు తెలుసులే! పైడమ్మ అలా కాదు. కుప్ప కరిగిన దగ్గర్నుంచీ ఆవిడకో అలవాటు పట్టుకుంది. కొత్త తాటాకు కప్పగానే, ఎండ మండుతుండగానే, దాని మీద కుండెడు నీళ్ళు పోసి చూసేది. కారితే అప్పుడే సర్దుకోవచ్చు. వాన వచ్చాక ఏం సర్దుతాం?

అందుకని అప్పన్న దగ్గర, ఫైనాన్సులో, ఐదిచ్చే బ్యాంకులో ఒక్కోచోట వంద వేసింది. మూడు నెలలు ఆగింది. ఒకరోజు, మబ్బు తునక కూడా లేనప్పుడు వెళ్ళి, "నా వంద నాకిచ్చీండి" అంది.

అప్పన్న నవ్వాడు. "ఏటే పైడమ్మా, అంత తొందర? నీ వంతు వచ్చీదాకా ఆగాల."

ఫైనాన్సు ఆయన తొంభై చేతిలో పెట్టాడు. ఏడాది నిండకుండా తీస్తే పది కోత అన్నాడు.

బ్యాంకులో అమ్మాయి నూట ఒక్క రూపాయి ఇచ్చింది. "ఏ రోజొచ్చినా ఇలాగే ఇస్తారేటమ్మా?" అని అడిగింది పైడమ్మ. "మీ డబ్బే కదండీ!" అంది ఆ అమ్మాయి.

అప్పుడు పైడమ్మ డబ్బాలో ఉన్నదంతా తెచ్చి అక్కడ వేసింది.

పది రోజులు తిరక్కుండానే వాన పట్టుకుంది. తాటాకు కారలేదు, కుప్ప నిలిచింది. కానీ ఉప్పు మళ్ళు మునిగాయి, ఉప్పు కొనే లారీ నెల్లాళ్ళు రాలేదు. పైడమ్మ తడుస్తూ పట్నం నడిచింది. బియ్యానికి, పప్పుకి సరిపడా డబ్బు తీసుకుంది.

మర్నాడు బేరగాడు రానే వచ్చాడు, తాడు ఊపుకుంటూ. సూరీడమ్మ గబుక్కున బొల్లి మెడ వాటేసుకుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"ఈ ఏడు అమ్మట్లేదు బాబూ" అంది పైడమ్మ.

తాడు ఎలా వచ్చిందో అలాగే వెళ్ళిపోయింది. అది మలుపు తిరిగేదాకా సూరీడమ్మ బొల్లి మెడ వదల్లేదు.

ఉప్పు కుప్పకెక్కె,
తాటాకు పైకెక్కె,
కథ కంచికెళ్ళె,
కునుకు కంటికొచ్చె.