అరవై స్వరాల ప్రశ్న

“వ్యవస్థ మన మాట వినకపోతే ఏం చెయ్యాలి, మాస్టారూ?” అని అడిగింది నీలవేణి. ఆమె మనసులో ఉన్నది గోడల మీద ఎర్రరంగుతో రాసే నినాదాల్లోని వ్యవస్థ. రేడియో పనిలో నెరిసిన దావీదు మాస్టారికి మాత్రం ఆ మాటకు నలభై ఏళ్లుగా ఒకటే అర్థం: ఒక పక్కనుంచి ధ్వని వెళ్తే, మరో పక్కనుంచి ఏదో ఒక మార్పుతో బయటికొచ్చేది. ఆయన ఆమెను వెంట రమ్మని ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని చేనేత సంఘం రేకుల హాలుకి నడిచారు.

మర్నాడు అక్కడ నీలవేణి తల్లి సువార్తమ్మ మాట్లాడాలి. ఆవిడ మైకు ముందు నిలబడ్డ ప్రతిసారీ వెనక బెంచీలవాళ్లు “వినపడట్లేదు, కూర్చోమ్మా” అనేవారు. మూడుసార్లు కూర్చుంది. ఈసారి అసలు లేవనంటోంది.

మాస్టారు హాలు స్పీకరుకి ల్యాప్‌టాప్ తగిలించి, వెనక బెంచీ మీద చిన్న మైకు పెట్టి, “ఈ హాలుని ఒక ప్రశ్న అడుగు. అన్ని స్వరాలూ అందులో ఉండాలి. వెనక్కి ఏవి చేరతాయో చూద్దాం,” అన్నారు.

బొంగురు మోత నుంచి సన్నటి ఈల దాకా నీలవేణి అరవై స్వరాలు ఏరింది. “అందరికీ సమాన బలం! అందరూ ఒక్కసారే లేవాలి!” అంటూ అరవై అలల శిఖరాలనూ ఒకే క్షణానికి చేర్చి మీట నొక్కింది. స్పీకరు ఫెళ్లుమంది. యాంప్లిఫయర్ మీద ఎర్రదీపం వెలిగింది. ల్యాప్‌టాప్ తెర మీద, మైకు విన్నది చూపే గీత పిచ్చిగా గెంతింది.

“చూశారా, వణికింది!”

“వణికింది యాంప్లిఫయరమ్మా. అన్ని శిఖరాలూ ఒక్కసారే మీదపడితే మొయ్యలేక అది చేసిన గోలే ఇదంతా. హాలు ఇంకా నోరు విప్పలేదు.”

శిఖరాలన్నీ ఒకే క్షణంలో కలవకుండా ఆయన ఏ అల ఎక్కడ మొదలవ్వాలో మాత్రం కొంచెం కొంచెం జరిపారు. నీలవేణి అనుమానంగా చూసింది. “ఎవరి బలం కోసేశారు?”

“ఎవరిదీ కొయ్యలేదు. చూసుకో.”

చూసుకుంది. అరవై స్వరాలూ అలాగే ఉన్నాయి, అంతే బలంతో.

రేకుల చిల్లుల్లోంచి దిగిన ఎండలో దుమ్ము తేలుతోంది. ఈసారి ధ్వని నేల అడుగున పుట్టినట్టు మొదలై నెమ్మదిగా పైకి పాకింది. ముందు గచ్చు పలికింది, తర్వాత బెంచీలు, తర్వాత కిటికీ అద్దాలు, చిట్టచివర రేకులు. పేరుపెట్టి పిలిస్తే ఒక్కొక్కరూ నిద్రలో ఊఁకొట్టినట్టుంది. నీలవేణికి తన కోపం ఎక్కడ పెట్టిందో కాసేపు గుర్తురాలేదు.

తెర మీద గీత నిలకడగా సాగి, ఒక్కచోట గుంటలోకి దిగింది. సరిగ్గా ఆడవాళ్ల గొంతు పలికేచోట. అక్కడి స్వరాలు వెనక బెంచీదాకా దాదాపు చేరనేలేదు.

“అయితే అమ్మ గొంతుని మింగేస్తోంది ఈ హాలా...” నీలవేణి లేచి నిలబడింది. పిడికిలి దానంతటదే బిగుసుకుంది.

మాస్టారు వైర్లు చుట్టుకుంటూ అన్నారు: “ఇప్పుడు కోప్పడు, అమ్మాయ్. ఎక్కడో తెలిసింది కదా.”