పోయినవి చేరే మూల

సౌదామిని గారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. తన గొడుగు వాళ్ల చేతికిచ్చి "పద" అంటారు. జపాన్‌లోని కోబే ఊళ్లో నలభై ఏళ్లుగా వీణ నేర్పుతున్నారావిడ. వీణ కంటే గొడుగు మోసే ఎక్కువ నేర్చుకున్నామని చెప్పుకునే శిష్యులు చాలామందే ఉన్నారు.

ఆ జూన్ మధ్యాహ్నం గొడుగు హైమ చేతికి వచ్చింది. "అమ్మా, ఇది మన ఇల్లే అని మనిషికి ఎలా తెలుస్తుంది?" అని అడిగింది పాపం. ఊరికే అడగలేదు. ఈ దేశం వచ్చిన పదిహేనేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారింది. మారిన ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది. కిందటిసారి వాళ్లమ్మ ఇచ్చిన కుంకుమ భరిణె పోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. అందుకే సొంత ఇల్లు కావాలి. కావాలంటూనే రెండేళ్లుగా, పెళ్లి సంబంధాలకు వంకలు పెట్టినట్టు, చూసిన పదకొండు పాత అపార్ట్‌మెంట్లకూ వంకలు పెట్టింది. ఒకచోట లిఫ్టు మూలుగుతోందంది, ఇంకోచోట వంటింట్లో ఎవరిదో చేపల వాసనంది. పన్నెండోది మాత్రం మనసుకు పట్టింది. కొండవాలున నలభై నాలుగేళ్ల భవనం, అయిదో అంతస్తు, కిటికీలోంచి ఓడరేవు. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. ఇంకొకరు కాచుకుని ఉన్నారు. భయంతో పొద్దుటి నుంచీ ఆమెకు అన్నం సహించలేదు.

తుంపరలో ఇద్దరూ కొండెక్కారు. ఇల్లు అమ్ముతున్న నాగసే గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ఒకప్పుడు బట్టలు కుట్టి బతికిన పెద్దావిడ, డెబ్బై దాటాయి, ఇప్పుడు చెల్లెలి ఊరికి వెళ్లిపోతున్నారు. సామాన్లన్నీ తరలించేసిన గదిలో, మబ్బు వెలుతురులో, చల్లటి బార్లీ టీ ఇచ్చి కూర్చోబెట్టారు.

హైమ పర్సులోంచి ఆకుపచ్చ గాజు గోలీ తీసింది. నేల సమంగా ఉందో లేదో చూడ్డానికి పాత ఇళ్లు కొనేవాళ్లు అక్కడ అలా చేస్తారు. చెక్క నేల మీద పెట్టి చెయ్యి తీసింది. గోలీ కాసేపు ఆలోచించుకుంది. తర్వాత కదిలింది. తొందరేమీ లేకుండా, కాస్తంత వెలుతురు లోపల దాచుకుని, గదంతా దాటి కిటికీ పక్క మూలకు చేరి ఆగింది. అంతసేపూ ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. దూరంగా ఏదో ఓడ కూసింది.

"నేల వాలిపోయింది," అని హైమ తెలుగులో గొణుక్కుంది. స్తంభాలు గట్టివే, నేల కాస్త వాలు, ప్రమాదమేమీ లేదు అని తనిఖీ కాగితంలో రాసే ఉంది. అయినా చదవడం వేరు, కళ్లారా చూడడం వేరు.

ఆ మాట అర్థం కాకపోయినా మొహం అర్థమైంది కాబోలు, నాగసే గారు నవ్వారు. "ఎప్పుడూ అక్కడికే వెళ్తుంది. నా గుండీలు, దారపుండలు అన్నీ అంతే. చివరి మూడేళ్లూ మా ఆయనకి చూపు లేదు. చేతిలోది జారిపోతే పసిపిల్లాడిలా కంగారుపడేవారు. నేను ఆ మూలకెళ్లి తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. ఈ ఇంట్లో మేం ఏదీ పోగొట్టుకోలేదమ్మా." ఆ మూలకేసి చూసి, "ఆయన్ని తప్ప," అన్నారు. అని టీ గ్లాసులు సర్దసాగారు.

హైమ ఆ మూలనే చూస్తూ కూర్చుంది. ఆరు ఇళ్లలో పోయినవన్నీ ఒక్కొక్కటే దొర్లుకుంటూ వచ్చి అక్కడ చేరుతున్నట్టు, అన్నిటి వెనకా అమ్మ భరిణె మూత టకటకమంటూ వస్తున్నట్టు అనిపించింది. ఎప్పుడు లేచిందో, నాగసే గారికి వంగి ఎన్ని నమస్కారాలు పెట్టిందో ఆమెకే తెలియదు.

లిఫ్టులోకి వచ్చాక మళ్లీ భయం పట్టుకుంది. "వంకర నేల కదమ్మా. రేపు మనసు పీకుతుందేమో. తీసుకోమంటారా, వద్దంటారా?" అని గురువుగారి మొహంలోకి చూసింది. ఆవిడ విననట్టే నిలబడ్డారు.

కిందికి దిగి నాలుగడుగులు వేశాక హైమ అలవాటుగా పర్సు తడుముకుంది. ఆగి మళ్లీ తడిమింది. "అయ్యో, నా గోలీ!"

సౌదామిని గారు ఆమె చేతిలోంచి గొడుగు తీసుకుని తెరిచారు.

"కంగారెందుకే," అన్నారు, "ఎక్కడుందో తెలుసుగా."